వచ్చే బుధవారం అడుగుతారు



మా ఊళ్ళో రోటరీ క్లబ్బు పేరెత్తితే జనానికి ముందు గుర్తొచ్చేవి శాలువా, ఫ్లెక్సీ, ఆ తర్వాత భోజనం. అలా అనేవాళ్ళ మీద నాకేమీ కోపం లేదండీ. ఆ ఫ్లెక్సీలు వేసేది నేనే. నాది ప్రింటింగ్ ప్రెస్సు. జూలై వచ్చిందంటే కొత్త అధ్యక్షుడి పదవీ స్వీకారం, ఆహ్వాన పత్రికలు, బ్యానర్లు, జ్ఞాపికల మీద పేర్లు. ఎవరి ఫొటో ఏ సైజులో ఉండాలి, ఎవరి పేరు తర్వాత ఎవరి పేరు రావాలి అనే పంచాయితీ అంతా నా కంప్యూటరు ముందే తేలుతుంది. ఒకసారి ఒకే బ్యానరు మీద పదకొండు మొహాలు పట్టించాను. ఇంతకీ ఆ బ్యానరు దేనికంటే, బడిపిల్లలకు పలకలు పంచడానికి. పలక బొమ్మ వెయ్యడానికి మాత్రం చోటు మిగల్లేదు.

కాబట్టి సేవా సంఘాల డాబు గురించి నాకెవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. ఈ పూట నేను చెప్పదలచుకున్నది ఆ డాబు కింద నడిచే ఒక చప్పిడి వ్యవహారం గురించి. వారం వారం జరిగే మీటింగు. బయటివాళ్ళు ఎక్కువగా నవ్వేది దాన్ని చూసే. “వారానికోసారి కూర్చుని తినడానికి సేవ అని పేరెందుకండీ?” అని మా వీధి చివర టీ కొట్లో ఒక పెద్దాయన నన్ను మొహం మీదే అడిగేశారు. నా లెక్కలో మాత్రం క్లబ్బు చేసే పనుల్లో నిలబడినవన్నీ ఆ మీటింగు పుణ్యమే. డబ్బుదేముందండీ, మా ఊళ్ళో చందా అడిగితే ఇచ్చేవాళ్ళకు లోటు లేదు. ఇచ్చిన మాట ఏమైందని అడిగేవాళ్ళకే లోటు.

మా మీటింగు బుధవారం రాత్రి ఏడున్నరకు. కొట్లు కట్టేసుకుని రావాలి కదా, అది కాస్తా ఎనిమిదవుతుంది. బల్ల మీద ఇత్తడి గంట, పక్కన చిన్న కొయ్యసుత్తి. అధ్యక్షుడి మెడలో కాలర్ అని ఒక వెడల్పాటి పట్టీ. గంట కొడతారు, ప్రార్థన అవుతుంది, ఆ వారం పుట్టినరోజులు, పెళ్ళిరోజులు చదువుతారు. పొద్దంతా ఒరే అంటే ఒరే అనుకున్న ఇద్దరు ఆ గంట మోగగానే ఒకరికొకరు ‘రొటేరియన్ ఫలానా గారు’ అయిపోతారు. ఏడాదికోసారి గవర్నరు గారు కూడా వస్తారు. రాష్ట్రానికి ఉండే గవర్నరు కాదు లెండి, చుట్టుపక్కల జిల్లాల క్లబ్బులన్నిటికీ పెద్ద. ఆయన వచ్చే రోజున కుర్చీలకు తెల్లగుడ్డలు తొడుగుతాం, అందరం టైముకు వస్తాం. లయన్స్ వారి క్లబ్బుల్లో ఇంకో తమాషా ఉంది. టెయిల్ ట్విస్టర్ అని ఒక పదవి. బ్యాడ్జి మర్చిపోయి వచ్చినవాడికీ, ఆలస్యంగా వచ్చినవాడికీ నవ్వుతూ జరిమానా వెయ్యడం ఆయన ఉద్యోగం. ఆయనకే జరిమానా వెయ్యాలంటే మాత్రం వచ్చిన సభ్యులంతా ఏకగ్రీవంగా చెయ్యెత్తాలట. మా క్లబ్బులో ఆ పదవి లేనందుకు నాకు కొంచెం లోటుగానే ఉంటుంది.

ఈ తతంగమంతా అయ్యాక, అతిథి ఉపన్యాసానికి ముందు, కార్యదర్శి ఒక నోటుపుస్తకం తెరుస్తారు. అక్కడ మొదలవుతుంది అసలు మీటింగు.

మొన్న ఏప్రిల్లో బస్టాండు దగ్గర చలివేంద్రం పెట్టాం. రిబ్బను కత్తిరించారు, మజ్జిగ పంచారు, పేపర్లో ఫొటో వచ్చింది. మూడో బుధవారం మీటింగులో కార్యదర్శి అడిగారు, “చలివేంద్రం ఎలా ఉందండీ?” అని. దాని బాధ్యత ఎరువుల కొట్టు ఆయనది. “బ్రహ్మాండంగా నడుస్తోందండీ” అన్నారు. వెనక వరసలోంచి మా లెక్కల మాస్టారు లేచారు. ఆయన రిటైరై చాలా ఏళ్ళయింది, అయినా ఎవరి లెక్కనూ ఊరికే వదలరు.

“నిన్న మధ్యాహ్నం రెండింటికి నేను బస్సు దిగానండీ. కుండ ఉంది, దాని మీద తడిగుడ్డ ఉంది, గ్లాసుకు గొలుసు ఉంది. నీళ్ళు లేవు.”

“ఆ టైముకు మనిషి భోజనానికి వెళ్ళుంటాడండీ.”

“జనానికి దాహం కూడా ఆ టైముకే వేస్తోంది మరి.”

హాలంతా నవ్వింది. ఎరువుల కొట్టు ఆయన మొహం కందగడ్డ అయింది. మర్నాడే పక్కనున్న సోడా బండి కుర్రాడితో మాట్లాడుకున్నారు, ఒంటిగంట నుంచి నాలుగు దాకా కుండ నింపే బాధ్యత అతనిది. పై బుధవారం మాస్టారు మళ్ళీ లేచి, “నీళ్ళున్నాయండీ, కాస్త కుండ కడిగిస్తే బాగుండును” అన్నారు. అదీ కడిగించారు. చలివేంద్రాలు పెట్టడం మనవాళ్ళకు కొత్త కాదు. పెట్టిన మూడో రోజుకు ఎండిపోవడమూ కొత్త కాదు. మా కుండ జూన్ దాకా నిండుగా ఉందంటే, దానికి కారణం ఎవరికో దయ ఎక్కువై కాదండీ. పదిమందిలో ఇంకోసారి నవ్వులపాలు కావడం ఎరువుల కొట్టు ఆయనకు ఇష్టం లేదు. దయ ఉంటే మంచిదే. అది లేని రోజుల్లో సిగ్గయినా పని జరిపించాలి కదా.

ఇలా వారం వారం కలవడం అనేది సేవ కోసం మొదలైంది కూడా కాదు. 1905 ఫిబ్రవరి 23న అమెరికాలో, చికాగోలో, పాల్ హారిస్ అనే లాయరు ఇంకో ముగ్గుర్ని కూడేశాడు. ఒకాయన బొగ్గు వ్యాపారి, ఒకాయన గనుల ఇంజనీరు, ఒకాయనది బట్టలు కుట్టే వ్యాపారం. పల్లెటూళ్ళ నుంచి పెద్ద పట్నం చేరినవాళ్ళకు పలకరించే మనిషి కావాలి, పనిలో పనిగా ఒకరి వ్యాపారానికి ఇంకొకరు అక్కరకు రావాలి. అంతే సంగతి. ఒకసారి ఒకాయన ఆఫీసులో, మరోసారి ఇంకొకాయన ఆఫీసులో, వంతులవారీగా తిరుగుతూ కలిసేవారు. రోటరీ అన్న పేరు ఆ తిరుగుడు వల్లే వచ్చింది. ఒక వృత్తికి ఒకరే సభ్యుడు అనే నియమం కూడా అప్పటిదే. మా క్లబ్బులో ఇంకో ప్రెస్సువాడు చేరకుండా ఆ నియమం నన్ను చాలాకాలం కాపాడింది, ఆ సంగతి ఒప్పుకోవాలి.

స్నేహం, వ్యాపారం రెండూ కుదిరాక, ఇంతమందిమి కలుస్తున్నాం కదా ఊరికి ఏం చేస్తున్నాం అన్న ప్రశ్న వాళ్ళలో వాళ్ళకే వచ్చింది. 1907లో చికాగో క్లబ్బు తలకెత్తుకున్న తొలి ప్రజాసేవ ఏమిటో తెలుసా అండీ? మరుగుదొడ్లు. నడివీధిలో జనానికి పనికొచ్చే మరుగుదొడ్లు కట్టించమని నగరపాలకుల వెంటపడ్డారు. సారా దుకాణాలవాళ్ళూ, పెద్ద పెద్ద బట్టల అంగళ్ళవాళ్ళూ వద్దన్నారట. అవసరానికి లోపలికొచ్చిన మనిషి ఏదో ఒకటి కొని వెళతాడని వాళ్ళ లెక్క. ఆ అడ్డు దాటి పని సాధించారు. ఆఫీసర్ల చుట్టూ తిరగడమంటే ఏమిటో మనకు తెలుసు. ‘రేపు రండి’ అన్నవాడి దగ్గరికి ఆ రేపు మళ్ళీ వెళ్ళాలంటే, వెళ్ళారా అని అడిగేవాళ్ళు వెనక ఉండాలి.

మన దేశంలో మొదటి రోటరీ క్లబ్బుకు 1920లో గుర్తింపు వచ్చింది, కలకత్తాలో. అక్కడి నుంచి పెద్ద పట్నాలకూ, తర్వాత మన జిల్లా కేంద్రాలకూ, ఆ తర్వాత మాలాంటి తాలూకా ఊళ్ళకూ పాకింది. ఆడవాళ్ళను మాత్రం 1989 దాకా లోపలికి రానివ్వలేదు. అమెరికా సుప్రీంకోర్టు 1987లో అక్షింతలు వేశాక గానీ సంస్థ తన నియమం మార్చుకోలేదు. అన్నాళ్ళూ భార్యలంతా మీటింగుకు అతిథులే. వాళ్ళకు ‘ఆన్స్’ అని ఒక ముద్దుపేరు కూడా ఉండేది. మా క్లబ్బుకు మొదటి మహిళా సభ్యురాలిగా బాలికల హైస్కూలు హెడ్‌మిస్ట్రెస్ గారు వచ్చారు. మేం వాళ్ళ బడిలో మరుగుదొడ్లు కట్టించి శిలాఫలకం వేయించిన ఏడాది అది. ఆవిడ మొదటి మీటింగులోనే లేచి, “గది కట్టారు, సంతోషం. నీళ్ళేవండీ?” అన్నారు. ట్యాంకు వచ్చేదాకా ప్రతి బుధవారం అదే ప్రశ్న. ట్యాంకు వచ్చాక, “కడిగే మనిషి జీతం ఎవరిస్తారు?” అన్నారు. ఆవిడ లేస్తుంటే కొందరు సెల్‌ఫోన్లు చూసుకునేవారు, నిజం చెప్పాలి. అయినా ఆ గదులకు ఈ రోజుకీ తాళం పడలేదు. కట్టి వదిలేసిన బడి మరుగుదొడ్డికి ఏ గతి పడుతుందో మీ ఊళ్ళో మీరు చూసే ఉంటారు.

సేవకు క్లబ్బే కావాలా అని అడిగేవాళ్ళున్నారు. అక్కర్లేదండీ. కోనసీమలో లంకల గన్నవరం డొక్కా సీతమ్మ గారికి ఏ గంట, ఏ కాలర్ ఉన్నాయి? గోదావరి పాయలు దాటి వచ్చినవాళ్ళకు ఏ వేళప్పుడైనా వండి పెట్టిన తల్లి. 1909లో పోయారు, ఇప్పటికీ జిల్లాలో అన్నం మాట వస్తే ముందు ఆవిడ పేరు వస్తుంది. ఆవిడకు హాజరు పట్టీ అక్కర్లేకపోయింది, ఆకలి నేరుగా వచ్చి ఆవిడ అరుగు మీదే కూర్చునేది కాబట్టి. మేం అలాంటివాళ్ళం కాదు. పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా గల్లాపెట్టె ముందు కూర్చునేవాళ్ళం. మాకు ఎవరో ఒకరు గంట కొట్టాలి.

పోలియో సంగతి తీసుకోండి. 2009లో ఒక్క ఏడాదిలో మన దేశంలో 741 మంది పిల్లలకు పోలియో వచ్చింది. ప్రపంచం మొత్తం మీద వచ్చిన కేసుల్లో అది దాదాపు సగం. 2010కి ఆ సంఖ్య 42. 2011లో ఒక్కటే, జనవరి 13న, పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో. ఆ తర్వాత లేదు. 2014 మార్చిలో మన ప్రాంతం మొత్తానికి పోలియో లేదన్న ధ్రువపత్రం వచ్చింది. దీనికి రోటరీ 1985 నుంచే ప్రపంచమంతటా డబ్బు పోగుచేస్తూ వచ్చింది, నిజమే. చుక్కలు వేసింది మాత్రం ఆరోగ్య కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు, ఆశాలు. మేం బూతుల దగ్గర బల్లలు వేశాం, టీ ఇచ్చాం, పిల్లల్ని పిలుచుకొచ్చాం. ఘనతలో మాకు రావాల్సింది ఆ టీ మందమే అని నా అభిప్రాయం. మా క్లబ్బు పెద్దలు కొందరు దీనికి ఒప్పుకోరు.

ఆ పనిలో ఒక్క పద్ధతి మాత్రం నా మనసుకు బాగా పట్టింది. చుక్కలు వేసిన పిల్లల ఎడమచేతి చిటికెన వేలు గోటి మీద నల్ల మార్కరుతో గీత పెడతారు. బూతు రోజు అయ్యాక ఇంటింటికీ వెళతారు. ఇంట్లో పిల్లలందరికీ పడితే గోడ మీద సుద్దతో ‘పి’ అని రాస్తారు. పిల్లాడు అమ్మమ్మగారింటికి వెళ్ళినా, తాళం వేసున్నా, తల్లి వద్దన్నా, ‘ఎక్స్’. ఎక్స్ ఇంటికి మళ్ళీ వెళ్ళాలి. అప్పటికీ కాకపోతే ఇంకోసారి. పోలియో పోయింది ఆ ఎక్స్ ఇళ్ళ దగ్గరే. మొదటిసారి వెళ్ళినవాళ్ళ ఫొటోలు నా ప్రెస్సులో చాలా బ్యానర్ల మీద వేశాను. మూడోసారి ఎక్స్ ఇంటికి వెళ్ళిన మనిషి ఫొటో ఒక్కటీ రాలేదు.

రక్తదానం దగ్గర మేం కొంచెం తెలివి నేర్చుకున్నాం. మన దగ్గర రక్తదాన శిబిరం అంటే నాయకుడి పుట్టినరోజు కావాలి. ఆ ఒక్కరోజు కుర్రాళ్ళు బళ్ళేసుకుని గుంపులుగా వస్తారు. రక్తం నిలవుండే సరుకు కాదండీ. ఎర్రకణాలు మహా అయితే 35 నుంచి 42 రోజులు. ప్లేట్‌లెట్లయితే 5 రోజులే. డెంగ్యూ రోజుల్లో ప్లేట్‌లెట్ల కోసం జనం ఎలా పరిగెడతారో మీరు చూశారు. పుట్టినరోజున ఇచ్చిన మగవాళ్ళు మళ్ళీ ఇవ్వాలంటే మూడు నెలలు, ఆడవాళ్ళు నాలుగు నెలలు ఆగాలి. అంటే ఊరంతా ఒకేరోజు ఇచ్చేస్తే ఆ తర్వాత ఊరంతా ఒకేసారి ఖాళీ. తలసీమియా ఉన్న పిల్లలకు రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, ఆ పిల్లలకు నాయకుల పుట్టినరోజులతో పనిలేదు. పైగా వేసవిలో కాలేజీలు మూసేస్తారు, ఇచ్చే కుర్రాళ్ళు ఊళ్ళకు పోతారు, బ్లడ్ బ్యాంకు ఫ్రిజ్ వెలవెలబోతుంది. అందుకని మా క్లబ్బులోని బ్యాంకు మేనేజరు గారు ఒక పట్టిక తయారు చేశారు. 18 ఏళ్ళు నిండి, 45 కిలోలకు తగ్గకుండా ఉండి, హెమోగ్లోబిన్ సరిపోయి, ఇస్తామన్నవాళ్ళ పేర్లు బ్లడ్ గ్రూపుల వారీగా. వారానికి కొందరి చొప్పున పంపుతారు. ఏ వారం ఎవరి వంతో మీటింగులో చదువుతారు. దీనికి బ్యానరు లేదు, అందువల్ల నాకు ఆదాయమూ లేదు.

ఇక క్లబ్బు చేసే పనుల్లో నేను అన్నిటికంటే పెద్దదిగా లెక్కేసేది ఒకటుంది. దాని గురించి వేదికల మీద ఎవరూ మాట్లాడరు, రేడియోలోనైనా చెప్పాలి. ఫ్రీజర్ బాక్సు. మనిషి పోతే శవాన్ని ఉంచే చల్లపెట్టె.

ఇరవై ముప్పై ఏళ్ళ కిందట మా వైపు దీని అవసరం పెద్దగా ఉండేది కాదు. పొద్దున పోతే సాయంత్రానికి అయిపోయేది. ఇప్పుడు ప్రతి వీధిలో పిల్లలు డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న ఇళ్ళున్నాయి. కొడుక్కి ఫోను వెళ్ళాలి, సెలవు దొరకాలి, టికెట్టు దొరకాలి, దుబాయిలోనో దోహాలోనో విమానం మారాలి, శంషాబాద్‌లో దిగి రాత్రంతా కారులో రావాలి. రెండు రోజులు ఎక్కడికీ పోవు. ఆ రెండు రోజులు ఆ తండ్రి ఎక్కడుండాలి? కోస్తా జిల్లాల ఊళ్ళలో చాలాచోట్ల ఆ పెట్టె ఇచ్చేది ఏదో ఒక సేవా సంఘమే.

మా పెట్టె తాళంచెవి మందుల షాపు ఆయన దగ్గర ఉంటుంది. అర్ధరాత్రి రెండింటికి ఫోను వస్తుంది. చేసినవాళ్ళకు మాట పెగలదు. ఈయన పరామర్శ మాటలు ఎక్కువ మాట్లాడరు, ఒక్కొక్కటే అడుగుతారు. ఇల్లు కిందా, మేడ మీదా? గుమ్మం వెడల్పు ఎంత? మెట్లు మలుపు తిరుగుతాయా? ఏసీకి వాడే పెద్ద ప్లగ్గు ఏ గదిలో ఉంది? సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు పెడితే కాలిపోతుంది, అది తెలియక ఒక ఇంట్లో దుఃఖం మధ్య పొగలు కూడా వచ్చాయి. ట్రాలీ ఆటోలో పెట్టె వెళుతుంది, ఎత్తడానికి నలుగురు కావాలి. నేల చదునుగా ఉన్నచోట పెట్టి, ముందు కాసేపు ఖాళీగా చల్లబడనివ్వాలి. గాలి వచ్చే జాలీ మీద దండలు వెయ్యకూడదని చెప్పాలి, చెప్పినా వేస్తారు. అద్దం మీద చెమ్మ పడుతుంటే తుడవడానికి ఒక పొడిగుడ్డ ఇచ్చి వస్తారు. కరెంటు పోతే జనరేటరు ఎవరిదో ముందే కనుక్కుని ఉంచుతారు. తిరిగొచ్చాక ఫినాయిల్‌తో కడిగి, ఆరబెట్టి, మళ్ళీ కప్పు వేస్తారు. ఆటో ఖర్చు తప్ప ఏమీ తీసుకోరు.

ఆయన అడిగే ప్రశ్నల్లో ఇంకొకటి ఉంది. “ఎన్నింటికి పోయారండీ?” అని. అది పెట్టె కోసం కాదు. కళ్ళ కోసం. ప్రాణం పోయిన ఆరు గంటల లోపు కార్నియాలు తీసుకోవాలి. అందుకని ఆయన ఇంటికి వెళ్ళగానే ఏడుస్తున్న భార్య దగ్గరికో కూతురి దగ్గరికో వెళ్ళరు. ఒక బాబాయినో, మేనమామనో, ఎవరి మాట ఆ ఇంట్లో చెల్లుతుందో వాళ్ళను చూసుకుని వాకిట్లోకి పిలుస్తారు. “బాబాయ్ గారూ, ఏమనుకోకండి, కళ్ళిస్తారా?” అంటారు. కాదంటే మళ్ళీ రెట్టించరు. సరేనంటే వెంటనే ఫ్యాను ఆపించి, రెప్పలు మూసి, మీద తడిపిన దూది పెట్టి, తల కింద దిండు ఎత్తు చేయిస్తారు. ఐ బ్యాంకువాళ్ళు వచ్చి అరగంట లోపే పని ముగించుకుని వెళతారు. మొహం ఏమీ పాడవదు. పోయినాయనకు సుగరుండేది, కళ్ళజోడుండేది, శుక్లం ఆపరేషనైంది, ఇస్తే పనికొస్తాయా అని చాలామంది అడుగుతారు. పనికొస్తాయి. ఎయిడ్స్, కామెర్ల వైరస్‌లు, కుక్కకాటు రేబిస్ లాంటివి ఉంటేనే తీసుకోరు.

ఇందులో మీటింగు ఎక్కడ వచ్చింది అంటారేమో. ఒక బుధవారం మందుల షాపు ఆయన లేచి పెట్టె పుస్తకం చదివారు. కాలవగట్టు మీద ఒక రిక్షా తొక్కే అతని తల్లి పోతే పెట్టె అడిగారు, లేదని చెప్పాల్సొచ్చింది. పెట్టె అప్పుడు ఊళ్ళో ఒక పెద్దింట్లో ఉంది. రావలసినవాళ్ళంతా వచ్చేశారు, అయినా ముహూర్తం చూసుకుని ఇంకో రోజు అట్టేపెట్టుకున్నారు. ఆ పెద్దింటాయన మా క్లబ్బుకు భారీగా చందా ఇచ్చే మనిషి. హాలు నిశ్శబ్దమైపోయింది. ‘ఈ సంగతి ఇక్కడ ఎందుకండీ’ అని ఒకరు గొణిగారు. ‘ఇక్కడ కాకపోతే ఇంకెక్కడండీ’ అని మాస్టారు. గంట పైన వాదన జరిగింది, భోజనాలు చల్లారిపోయాయి. చివరికి రాసుకున్నది ఇది: రావలసిన మనిషి వచ్చిన రోజునే పెట్టె వెనక్కి రావాలి, అది ఎవరిల్లైనా సరే. రెండో పెట్టె కొనాలి. కొన్నాం. ఆ చందా మాత్రం తర్వాతి ఏడాది రాలేదు.

చెడ్డ సంగతి కూడా ఒకటి చెప్పాలి. క్లబ్బుల్లో అధ్యక్ష పదవి ఒక్క ఏడాదే. జూలై ఒకటిన ఎక్కి జూన్ ముప్పైన దిగాలి. ఒకే మనిషి పీఠం పట్టుకుని వేలాడకుండా ఇది మంచి ఏర్పాటే. కాకపోతే ఎక్కిన ప్రతివాడికీ తన పేరున ఒక ఫలకం కావాలి. పోయినేటి అధ్యక్షుడు పెట్టిన పని ఈయేటి అధ్యక్షుడికి సవతి బిడ్డ. పక్క ఊళ్ళో ఒక క్లబ్బు వాటర్ ప్లాంటు పెట్టింది. ఫిల్టర్లు మార్చాలి, రెండు మూడేళ్ళకోసారి లోపలి మెంబ్రేన్ మార్చాలి, దానికి వేలల్లో ఖర్చు. ఆ ఖర్చు వచ్చేసరికి ఇద్దరు అధ్యక్షులు మారిపోయారు. ప్లాంటు షెడ్డులో ఇప్పుడు ఎవరో గేదె దూడను కడుతున్నారు. ఫలకం మాత్రం చెక్కుచెదరలేదు, అక్షరాలు నేను చెక్కించినవే. ఆ క్లబ్బు వారం వారం మీటింగులు మానేసి చాలాకాలమైంది. రెండిటికీ సంబంధం ఉందనే నా నమ్మకం.

అందుకే ఇప్పుడు మా క్లబ్బులో వచ్చిన ఒక తీర్మానం నాకు మింగుడుపడటం లేదు. పూర్వం రోటరీలో వారం వారం కలవడం తప్పనిసరి. ఊళ్ళో లేకపోతే వెళ్ళిన ఊళ్ళో ఏదో ఒక క్లబ్బు మీటింగులో కూర్చుని హాజరు పూడ్చుకునేవాళ్ళం. నేను మద్రాసులో పేపరు రీములు కొనడానికి వెళ్ళి, భాష సరిగా రాకపోయినా ఒక తమిళ క్లబ్బులో కూర్చుని సంతకం చేసి వచ్చాను. 2016లో పై సంస్థ నియమం సడలించింది. నెలకు కనీసం రెండుసార్లు కలిస్తే చాలు, ఆన్‌లైన్లో అయినా పర్వాలేదంది. మా కుర్రసభ్యులు అదే అడుగుతున్నారు. వాళ్ళ బాధ నాకు తెలుసు. చిన్నపిల్లలున్నారు, కొట్లో పని మనుషులు దొరకరు, వారానికో సాయంత్రం అంటే మాటలు కాదు. “అంకుల్, వాట్సాప్ గ్రూపు ఉంది కదా, ఏ పనైనా అందులో పెట్టేస్తే సరిపోతుంది” అంటాడు మా కొత్త కోశాధికారి, బంగారంలాంటి కుర్రాడు. పెడుతున్నారు కూడా. ‘శనివారం కంటి శిబిరం, వాలంటీర్లు కావాలి’ అని పెడితే ఇరవై మంది బొటనవేలు పైకెత్తి చూపిస్తారు. శనివారం పొద్దున వరసలు నిలబెట్టడానికి, పేర్లు రాయడానికి, ఆపరేషనుకు ఎంపికైన ముసలివాళ్ళను బస్సెక్కించడానికి ఆరుగురం ఉంటాం. ఆపరేషనయ్యాక నెలరోజుల పైగా చుక్కలు వేసుకోవాలి, తిరిగి చూపించుకోవాలి. ఊరూరా వెళ్ళి వాళ్ళను పిలుచుకొచ్చే పనికి ఆ ఆరుగురిలోనూ ముగ్గురే మిగులుతారు. బొటనవేలు చూపించినవాణ్ణి, ‘ఏం బాబూ, రాలేదే’ అని గ్రూపులో అడిగితే తప్పుగా తీసుకుంటారు. ఎదురుగా కూర్చుని, కాఫీ తాగుతూ అడిగితే తీసుకోరు.

కుర్రాళ్ళ మాటే నెగ్గేలా ఉంది, సంఖ్య వాళ్ళది. మధ్యేమార్గంగా నేనొక సవరణ రాసిచ్చాను. ఉపన్యాసాలు, సన్మానాలు, భోజనాలు నెలకు రెండుసార్లే పెట్టుకోండి, ఆ మాటకొస్తే ఒక్కసారే పెట్టుకోండి. మిగతా బుధవారాలు ఉత్త కాఫీతో, అరగంట సేపు, కార్యదర్శి ఆ నోటుపుస్తకం చదవడానికి మాత్రం కలుద్దాం. గంట కూడా అక్కర్లేదు. హెడ్‌మిస్ట్రెస్ గారు బలపరుస్తానన్నారు. మాస్టారు సంతకం పెట్టారు కానీ ‘అరగంట’ అన్నచోట గీత గీసి ‘నలభై అయిదు నిమిషాలు’ అని దిద్దారు. వచ్చే బుధవారం ఓటింగు.